దత్తు సార్ కౌంటర్‌కి ఆదివారం సెలవు

దత్తు సార్‌కి ఒకటే జబ్బు. ఎవర్నీ చావనివ్వడు.

డాక్టరేమో అనుకునేరు. కాదు. మా బాన్సువాడ మున్సిపల్ ఆఫీసులో జనన మరణాల కౌంటర్ దగ్గర కూర్చునే గుమాస్తా. సోమవారం నుంచి శనివారం దాకా ఊళ్లో ఎవరు పోయినా ఆయన చేతి మీదుగా పోవాల్సిందే. ఇప్పుడంతా కంప్యూటరే అయినా, ముందు కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంటేగానీ ఆయనకి తృప్తి ఉండదు. అలాంటి మనిషి ఆదివారం మధ్యాహ్నం మా ఆటలో కూర్చున్నాడంటే ఒక్క చావు కూడా రాయడు. కత్తి దిగినా రాయడు, కొండ విరిగి మీద పడ్డా రాయడు. తల తెగి పడితే మాత్రం కాసేపు ఆలోచిస్తాడు.

నా పేరు వనజ. ఆ ఆఫీసుకి ఎదురుగానే నా జిరాక్స్ షాపు. ఏ చావుకి ఎన్ని కాపీలు కావాలో సార్ కంటే నాకే బాగా తెలుసు. పదేళ్లుగా చూస్తున్నాను కాబట్టి ఆయన గురించి నాలుగు మాటలు అనే హక్కు నాకుంది.

ఉద్యోగం మనిషికి ఎంతగా అంటుకుపోతుందంటే, పెళ్లికి వెళ్లినా సార్ పలకరింపు మారదు. మొన్న కోటగిరిలో ఒక పెళ్లిలో పెళ్లికూతురి తాత పక్కన కూర్చున్నాడు. ఊరికే మాట కలపాలని, "పూర్తి పేరేంది? తండ్రి పేరు? వయసెంత ఉంటది?" అని వరసగా అడిగాడు. పెద్దాయన జవాబులు చెప్తూనే పక్కవాణ్ణి, "ఈయనె ఎవలు?" అని అడిగాడు. పక్కవాడు చెప్పాడు. అంతే, పెద్దాయన అన్నం ముట్టకుండా లేచి వెళ్లి ఆటో ఎక్కాడు.

"నేనేమన్న వనజా? మర్యాదకు అడిగిన గదా!" అని సార్ తిరుగుదారి అంతా బాధపడ్డాడు.

ఇక ఆట సంగతి. దాన్ని మా ఊరికి తెచ్చినవాడు రాజాబాబు. కాలువ కింద వరి పండించే కోస్తావాళ్ల అబ్బాయి. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివి, డిగ్రీతో పాటు సంచీ నిండా రంగురంగుల పాచికలు, ఫోన్ నిండా యానిమేలనే జపాన్ బొమ్మల సినిమాలు వెంటబెట్టుకొచ్చాడు. ఆట సులువే. ఒకరు కథ చెప్తుంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని ఆ కథలో నడుస్తుంటారు. రాక్షసుణ్ణి కొట్టాలన్నా, గోడ దూకాలన్నా ఇరవై ముఖాల పాచిక వేయాలి. ఇరవై పడితే పండగ, ఒకటి పడితే కొంప మునిగినట్టే. ప్రతి పాత్రకీ కొన్ని ప్రాణం పాయింట్లుంటాయి. దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గుతాయి. సున్నా అయితే పాత్ర చచ్చిపోతుంది. ఆట పుస్తకంలో అలాగే ఉంది.

రెండేళ్లుగా ప్రతి ఆదివారం మా షాపు మేడ మీద గదిలో ఆడుతున్నాం. రాజాబాబు పాత్ర వజ్రబాహు అనే వీరుడు. దవాఖానలో నర్సుగా చేసే సిరీష, ఆటలో వైద్యురాలు. ఆటో నడిపే లాల్‌సింగ్ విలుకాడు. నేను దొంగని. కథ చెప్పే పని దత్తు సార్‌ది, ఎందుకంటే మా అందరిలో గొంతూ ఓపికా ఉన్నది ఆయనకే.

మొట్టమొదటి ఆదివారం కోట కాపలావాడొకడు దెబ్బతిని పడ్డాడు. సిరీష వైద్యం చేస్తానని పాచిక వేసింది. ఒకటి పడింది. కాపలావాడు పోయాడు. అంతవరకు పద్ధతిగానే జరిగింది. రెండో ఆదివారం మేం వచ్చి కూర్చోగానే సార్ గొంతు సవరించుకుని, "కాపలాయన పాడె మీద లేచి కూసోని చాయ్ అడిగిండు," అన్నాడు.

"అదేంటండీ, చచ్చిపోయాడు కదా?" అన్నాడు రాజాబాబు.

"సచ్చిండని ఎవలు రాసిన్రు?"

ఇక అప్పట్నుంచి ఆటలో చావు బందు. వజ్రబాహుని విషం పెట్టి చంపబోతే విషానికి తేదీ అయిపోయింది. బాణం గుండెకి తగిలితే చొక్కా లోపల టిఫిన్ డబ్బా ఉంది. సొరచేప మింగితే, దానికి వజ్రబాహు ఒంటికి రాసుకున్న జిందా తిలిస్మాత్ పడక కక్కేసింది. మబ్బుల్లోంచి పడ్డప్పుడు కింద వరిగడ్డి ట్రాక్టరు వెళ్తోంది. అన్ని వేల ఏళ్ల కిందటి కథలో ట్రాక్టరు ఎలా వచ్చిందని అడిగితే, "కిరాయికి వచ్చింది," అన్నాడు సార్.

ఒకసారి రాజాబాబు పట్టుబట్టాడు. "సార్, పాయింట్లు సున్నా. పుస్తకం చూడండి. సున్నా అంటే చావే."

"సున్న అంటే ఖాళీ. సావెట్లయితది? ఎండకాలం నిజాంసాగర్ ఖాళీ అయితది. డ్యాం సచ్చిపోయింది అంటమా?"

"మరి పోయిన నెల అగాధంలో పడ్డాడు కదండీ! అడుగే లేని అగాధం అని మీరే చెప్పారు!"

"శవం దొరికిందా?"

"అడుగే లేకపోతే శవం ఎలా దొరుకుద్దండీ?"

"మనిషి కనిపియ్యకుంటే ఏడేండ్లు ఆగాలె బిడ్డా. రూలు. మొన్ననే పడ్డడు గదా, ఇగ ఆరేండ్ల పదకొండు నెలలున్నయి."

ఇలా లాభం లేదని రాజాబాబు తన యానిమేలు సార్‌కి చూపించాడు. వాటిలో వీరుడి పొట్టకి చిల్లు పడుతుంది. ఆ చిల్లులోంచి వెనక కొండ కనిపిస్తుంది. అయినా అతను నిలబడి పది నిమిషాలు ఉపన్యాసం ఇస్తాడు, చిన్నప్పటి సంగతులన్నీ గుర్తు చేసుకుంటాడు, ఇంకా గట్టిగా కొడతాడు. సార్ మూడు శనివారాలు ఆఫీసు అయ్యాక కూర్చుని అవన్నీ చూశాడు. చూసి, "నేను చేస్తున్నది గిదే గదా! వీళ్లు నాకన్న నయం ఉన్నరు," అన్నాడు.

"కాదండీ. ఎప్పుడో ఒకసారి వీరుడి గురువుగారు నిజంగా పోతారు. అందుకే ఏడుపొస్తుంది. ఇదిగో చూడండి, ఈయన పోయాడు."

"యాడికి పోయిండు?"

"వెలుగులో కలిసిపోయాడండీ."

"వెలుగుల కలిస్తే సర్టిఫికెట్ ఇయ్యరు," అని సార్ ఫోను తిరిగిచ్చేశాడు.

చావు ఉండాలా వద్దా అని ఒకసారి ఓట్లు కూడా పెట్టాం. ఉండాలని రాజాబాబూ నేనూ చేతులెత్తాం. దొంగని గదా, నాకు ప్రమాదం లేకపోతే దొంగతనంలో రుచి తెలియదు. వద్దని సార్ చెయ్యెత్తాడు. సిరీష కూడా ఎత్తింది. లాల్‌సింగ్ కూడా ఎత్తాడు. "నా విలుకాడు సస్తే మల్ల కొత్త పాత్రకు గన్ని కాగితాలు ఎవలు నింపాలె?" అన్నాడు. సోమరితనంతో ప్రాణాలు నిలబెట్టినవాణ్ణి నేను లాల్‌సింగ్‌నే చూశాను.

ఇలా ఇరవై ఏడుసార్లు చావు తప్పించుకున్నాక వజ్రబాహుకి చిక్కొచ్చి పడింది. రాజాబాబుకి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. ఆదివారం సాయంత్రం ఐదింటికి బస్సు. ఆ మధ్యాహ్నమే అతని చివరి ఆట.

రాజాబాబు ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బట్టల సంచీతో సహా వచ్చాడు. కూర్చోకుండానే అన్నాడు. "సార్, నాదొక్కటే కోరిక. ఇవాళ మావాణ్ణి చావనివ్వండి."

పాచికలు సర్దుతున్న సార్ తలెత్తాడు.

"నేను వెళ్లిపోతే వాడేమవుతాడు? ఈ సంచీలో ఒక కాగితమై పడుంటాడు. ఇరవై ఏడుసార్లు అందరికీ అడ్డం నిలబడ్డాడండీ. ఒక్కసారైనా మీలో ఎవరికైనా భయం వేసిందా? వేయలేదు. ఎలాగూ చావడని మీకు తెలుసు, నాకు తెలుసు, ఆఖరికి రాక్షసులకి కూడా తెలుసు. చావే లేనివాడి ధైర్యానికి విలువేముంది సార్? ఒక్కసారి వాణ్ణి నిజంగా వీరుణ్ణి కానివ్వండి."

కుర్రాడు నవ్వులాటకి అనడం లేదు. నాకు కూడా ఏదోలా అయింది. సార్ మాత్రం "సూద్దాం తియ్," అని కథ మొదలుపెట్టాడు.

కథలో పెద్ద డ్యాము. రాక్షసుడు తలుపుల గడియలు బద్దలు కొట్టాడు. కింద ఐదు ఊళ్లున్నాయి. జనం ఖాళీ చేసి పోయేదాకా ఎవరో ఒకరు ఆ ఇనుప తలుపుని భుజంతో ఆపి పట్టుకోవాలి. ఎవరు పట్టుకుంటారో వేరే చెప్పాలా? వజ్రబాహు భుజం పెట్టాడు. నేను పిల్లల్ని మోశాను, లాల్‌సింగ్ ముసలివాళ్లని దాటించాడు, సిరీష దెబ్బలకి కట్లు కట్టింది. అందరూ దాటారు. తలుపు విరిగింది. రాజాబాబు పాచిక వేశాడు.

ఒకటి!

పాయింట్లు సున్నా. రాజాబాబు చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని, హాయిగా వెనక్కి వాలాడు. మేమంతా సార్ మొహం చూశాం. ఆయన పెదవులు కదిలాయి. సార్‌ది మహారాష్ట్ర సరిహద్దులోని డోంగ్లి, కంగారు పడితే వాళ్లమ్మ మరాఠీ బయటికొస్తుంది. "అరే దేవా, అరే దేవా," అని రెండుసార్లు అనుకున్నాడు. తర్వాత మెల్లగా, "అప్పుడు... ఆ వరదల... ఒక బర్రె కొట్టుకొస్తుంది. వజ్రబాహుకు దాని తోక దొరికింది..." అన్నాడు.

"సార్!" రాజాబాబు లేచి నిలబడ్డాడు. కళ్లనిండా నీళ్లు. "నాకు బర్రె వద్దండీ!"

సంచీ భుజానికి తగిలించుకుని కిటికీ దగ్గరికి వెళ్లి మాకు వీపు చూపిస్తూ నిలబడ్డాడు. లాల్‌సింగ్ అతని వెనకే వెళ్లి, "బర్రె కాకుంటే కట్టెమొద్దు పెట్టిద్దాం తమ్మీ," అని ఓదార్చబోయి తిట్లు తిన్నాడు.

నాకు ఒళ్లు మండింది. సార్‌ని మెట్ల మీదికి లాక్కెళ్లాను. "ఏంది సార్ గిది? పోయేటోని ఒక్క కోరిక తీర్చరాదా? మీదేం పోతుంది?"

సార్ మెట్టు మీద కూలబడ్డాడు. లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "మొదటి ఆదివారం యాదికున్నదా? కాపలాయన పోయిండు. అప్పుడు సిరీషమ్మ ఏమన్నదో విన్నవా?"

"లేదు."

"పాచిక మెల్లగ కింద పెట్టి, 'ఇక్కడ కూడానా?' అన్నది. మీరంత నవ్విన్రు. నేను సూస్తనే ఉన్న, ఆ పొల్ల నవ్వలే. దవాఖానల ఎన్ని సావులు సూస్తదో నాకు తెల్వదా? ఆడికెళ్లి కాగితాలన్ని నా దగ్గరికే వస్తయి. వారం దినాలు కండ్లతోని సూసి, ఆదివారం పూట ఈడ గూడ సూడాల్నా? అందుకే బంద్ పెట్టిన."

"మరి రెండేండ్ల సంది మేం ఇంత ఎక్కిరిస్తుంటే చెప్పలేదేంది?"

"చెప్తే ఆమెకు మొహమాటం అయితది గదా," అన్నాడు సార్. "ఎక్కిరిస్తే నాకేం పోయింది? మీరు నవ్వుతున్నరు గంతే."

రెండేళ్లు! ట్రాక్టరు అని, బర్రె అని, ఏడేళ్ల రూలని మేం ఆయన్ని ఆడిపోసుకున్న ఆదివారాలన్నీ గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. నిజం చెప్పాలంటే ఆ మనిషి మీద అంత ప్రేమ నాకు అప్పటిదాకా కలగలేదు.

లోపలికి వచ్చేసరికి సిరీష నన్ను మంచినీళ్ల కుండ దగ్గరికి పిలిచింది. "వనజక్కా, సార్‌ని బలవంతపెట్టకండి. రాజాబాబుకి నేను నచ్చజెప్తాను."

"నువ్వెందుకు నచ్చజెప్పుడు?"

"మీకు తెలీదక్కా. ఒకసారి దవాఖాన కాగితాలు ఇవ్వడానికి వాళ్ల ఆఫీసుకి వెళ్లాను. సార్ వరసగా పదకొండు పేర్లు రాస్తున్నారు. ఒక్కో పేరు రాశాక పెన్ను పక్కన పెట్టి, కాసేపు ఊరికే కూర్చుని, మళ్లీ రాస్తున్నారు. ఆయనకి చావంటే ఎంత బాధో నాకు అప్పుడు తెలిసింది. వారమంతా రాసే మనిషి, ఆదివారం ఒక్కరోజు రాయకుండా ఉంటే ఉండనీండి అనుకున్నాను. అందుకే ప్రతిసారీ ఆయన వైపే చెయ్యెత్తాను. నాకైతే ఆట ఆటే అక్కా. మొదటి రోజు కొంచెం బెదిరాను గానీ, తర్వాత నాకేం అనిపించలేదు."

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, అయినా నాకే చెప్తారు. కుండ మీద మూత పెట్టి, గది మధ్యలో నిలబడి, ఇద్దరి గుట్టూ ఒకేసారి బయటపెట్టేశాను.

సార్ సిరీష వైపు చూశాడు. సిరీష సార్ వైపు చూసింది. ఇద్దరూ దొంగతనం చేస్తూ దొరికినవాళ్లలా తలలు దించుకున్నారు.

కిటికీ దగ్గర రాజాబాబు మెల్లగా ఇటు తిరిగాడు. "అంటే... ఈయన ఆవిడ కోసం, ఆవిడ ఈయన కోసం... మధ్యలో మీ ఇద్దరి మొహమాటానికి రెండేళ్లుగా మావాడు బతికి చచ్చాడా?"

ముందు లాల్‌సింగ్ నవ్వాడు. తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. సార్ కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

నవ్వు తగ్గాక సిరీష సార్ ఎదురుగా వచ్చి కూర్చుంది. "సార్, దవాఖానలో పోయినవాళ్లందరూ నాకు గుర్తుండరు. పక్కన ఎవరూ లేకుండా పోయినవాళ్లే గుర్తుంటారు. చుట్టూ మనవాళ్లుండి, మాట్లాడుతుండగా పోతే అంత బాధుండదండీ. వజ్రబాహుకి మనం నలుగురం ఉన్నాం కదా. ఉండి పంపిద్దాం."

సార్ పాచికని చేతిలోకి తీసుకున్నాడు. "రాజాబాబు, గట్టిగనే అంటున్నవా?"

"గట్టిగానే సార్."

"ఇగ మంచిది," అన్నాడు సార్. "బర్రె రాలే."

అలా మా ఆటలో మొదటి చావు మొదలైంది. మొదలైంది కానీ అవదే! రెండేళ్లు చావనివ్వని మనిషికి ఎలా చంపాలో చేతనవలేదు. పుస్తకంలో 'పాత్ర మరణించును' అని ఒక్క ముక్క ఉంది. సార్ దాన్ని ముప్పావు గంట చెప్పాడు. వరద తగ్గింది. వజ్రబాహుని ఒడ్డుకి చేర్చారు. సిరీష వైద్యురాలు అతని తల ఒళ్లో పెట్టుకుంది. ఐదు ఊళ్ల జనం ఒక్కొక్కరే వచ్చి దండం పెట్టసాగారు. వాళ్లందరి పేర్లూ, తండ్రి పేర్లూ సార్ చెప్పాడు. వజ్రబాహుకి చిన్నప్పటి సంగతులు గుర్తొచ్చాయి. వాళ్లమ్మ వండిన పప్పుచారు గుర్తొచ్చింది. రాజాబాబు కళ్లు తుడుచుకుంటూ విన్నాడు, తర్వాత గడియారం చూసుకుంటూ విన్నాడు.

"సార్, ఇంక చాలండీ. బస్సు వెళ్లిపోద్ది."

"ఆగు బిడ్డా, ఇంక మూడో ఊరోళ్లు వస్తనే ఉన్నరు."

ఇక చేసేది లేక చావుతో సహా లాల్‌సింగ్ ఆటో ఎక్కాం. బస్టాండు దాకా సార్ చెప్తూనే ఉన్నాడు. రాజాబాబు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. సార్ బయట నిలబడి కిటికీ ఊచ పట్టుకున్నాడు. కండక్టరు విజిల్ వేశాడు. బస్సు కదిలింది. సార్ దాంతో పాటు నడుస్తూ, "అందరిని ఒక్కసారి సూసిండు... నవ్విండు... పోయిండు బిడ్డా! మావోడు పోయిండు!" అని గట్టిగా చెప్పి ఊచ వదిలేశాడు.

రాజాబాబు కిటికీలోంచి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. మొహం కన్నీళ్లతో తడిసిపోయింది. ఇంత సంతోషంగా ఏడ్చినవాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

కానీ బస్సులో వాళ్లకి ఆ సంతోషం ఎలా తెలుస్తుంది? మెదక్‌లో బస్సు ఆగినప్పుడు ఫోన్ చేశాడు. మేం బస్టాండు నుంచి మళ్లీ మేడ మీదికే వచ్చి చాయ్ తాగుతున్నాం. ఫోను స్పీకర్‌లో పెట్టాను.

"అక్కా, ఇక్కడ పెద్ద గొడవైంది. నా పక్కన నర్సవ్వ అని ఒకావిడ కూర్చుంది. బీడీలు చుడతదంట, కూతురు దగ్గరికి వెళ్తుంది. ఎవలు పోయిన్రు బిడ్డా అంటే, మావాడే అవ్వా, ఐదు ఊళ్లని కాపాడి పోయాడు అన్నాను. నోరు జారిందక్కా! బస్సంతా గొల్లుమంది. కండక్టరు వచ్చి భుజం తట్టాడు. ఆవిడ తను తెచ్చుకున్న జొన్నరొట్టె విరిచి, పోయినోళ్లతోని పోతమా, తిను బిడ్డా అని దగ్గరుండి తినిపించింది. వాడు ఆటలోవాడని ఇప్పుడెలా చెప్పను? అదిగో, ఇంటి పెద్దతో మాట్లాడాలంటుంది. ఫోన్ లాక్కుంటుందక్కా!"

ఫోనులో గొంతు మారింది. "ఇంటికి పెద్దోడు ఎవలు నాయినా?"

మేమంతా సార్ వైపు చూశాం. ఇరవై ఏళ్లుగా కౌంటర్ ఇవతలికి వచ్చిన ప్రతివాణ్ణీ ఓదార్చిన మనిషి. ఆయన్ని ఓదార్చడానికి ఒకరు పిలవడం అదే మొదటిసారి అనుకుంటాను. సార్ చాయ్ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"నేనే అవ్వా."

"ధైర్యం తెచ్చుకో కొడుకా. పిలగాడు అంత చెప్పిండు. గసొంటోళ్లు ఊకె పోరు. ఫికర్ పడకు, మల్ల మీ ఇంట్లనే పుడతడు సూడు."

"సరే అవ్వా," అన్నాడు సార్. "నువ్వు చెప్పినట్టే అయితది."

ఫోన్ పెట్టేశాను. సార్ కళ్లజోడు సర్దుకుని మా ముగ్గురినీ ఒక్కొక్కరినే చూశాడు. మధ్యాహ్నం నుంచి లేని వెలుగు ఆ మొహంలోకి మెల్లమెల్లగా వస్తోంది.

"విన్నరు గదా?" అన్నాడు. "మల్ల పుడతడట. నేనన్న మాట కాదు, అవ్వ అన్నది."

పెద్దావిడ రొట్టె పెట్టి మరీ చెప్పిన మాట కాదనడానికి మేమెవరం?